బందరులో విడదీసిన వెలుగు

ఒక ఏడాది రంజాన్ 29వ రోజా నాడు మేము పిల్లలతో మంగినపూడి వెళ్లాము. బందరు నుంచి పదకొండు కిలోమీటర్లు. ఊళ్లో మేడలు అడ్డం వస్తాయి, అక్కడయితే ఆకాశం విశాలంగా ఉంటుంది, పండుగ నెలవంక త్వరగా దొరుకుతుందని ఆశ. ఖర్జూరాలతో, ఇంటి నుంచి తెచ్చిన గంజితో తీరం మీదే ఇఫ్తార్ అయింది. పిల్లలు సముద్రం వైపు కళ్లప్పగించి నిలబడ్డారు. నెలవంక కనిపించేది పడమట కదా! మంగినపూడిలో సముద్రం ఉన్నది తూర్పున. సముద్రానికి వీపు పెట్టి, బందరు వైపు తాడిచెట్ల మీదుగా చూడమని చెప్పాము. మబ్బు పట్టి ఉంది. మాకు ఏమీ కనబడలేదు. పక్కనే ఉన్న ఒక పెద్దాయన మాత్రం "అదిగో, కనిపించింది" అన్నారు. ఆయన వేలు చూపిన చోట మరెవరికీ ఏమీ కనిపించలేదు. అంతలో మబ్బు ఇంకా దట్టమైంది.

తిరిగి వచ్చేటప్పుడు మా పెద్దవాడు అడిగాడు. "అబ్బా, ఆ దాదా అబద్ధం చెప్పారా?"

"లేదు బేటా. ఆయన నిజంగానే చూసి ఉండవచ్చు. అయితే మబ్బు పట్టిన రోజున పండుగ చేసుకోవాలంటే నమ్మకస్తులైన ఇద్దరు సాక్షులు కావాలి. ఒక్కరి మాట చాలదు."

"మరి ఆయన చూసింది నిజమైతే?"

ఈ ప్రశ్నకు మేము ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాము. హిలాల్ కమిటీ కబురు కోసం ఎదురు చూశాము, అంతే. కాని 2025 మార్చిలో ఖగోళ శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఒక వార్త చదివినప్పుడు మా వాడి ప్రశ్న మళ్లీ గుర్తుకొచ్చింది. కోటిన్నర దాకా గెలాక్సీలను, క్వాసార్లను లెక్కగట్టి, విశ్వాన్ని నడిపిస్తున్న ఒక మహాశక్తి క్రమంగా బలహీనపడుతున్నట్టు తమకు కనిపిస్తోందని వారు చెప్పారు. కనిపిస్తోందన్నారే గాని, రుజువైందని అనలేదు. ఈ తేడా ఏమిటో తెలుసుకోవాలంటే ముందు మన బందరు చరిత్రలో ఒక ఉదయం గురించి చెప్పుకోవాలి.

1868 ఆగస్టు 18

ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుని నీడ దక్కను మీదుగా వచ్చి గుంటూరు, బందరు దాటి బంగాళాఖాతంలోకి వెళ్లింది. మన ప్రాంతంలో అయిదు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా మరుగున పడ్డాడు. అంత దీర్ఘమైన గ్రహణం అరుదు గనుక దేశదేశాల శాస్త్రజ్ఞులు తరలివచ్చారు. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరులో మకాం వేశారు. మద్రాసు వేధశాలలో పనిచేస్తున్న చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్లారు. (ఈయన 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటిన సంగతిని ప్రజలకు వివరిస్తూ రాసిన పుస్తకం ఉర్దూలో కూడా వెలువడింది. శాస్త్రాన్ని మన ఇళ్లల్లోని భాషల్లో చెప్పాలన్న ఆలోచన అప్పటికే ఉందన్నమాట.) మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మాత్రం బందరును ఎంచుకున్నారు.

అప్పటికి బందరు కోలుకోని ఊరు. నాలుగేళ్ల ముందే, 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన సుమారు 30 వేల మందిని బలి తీసుకుంది. కుతుబ్‌షాహీల కాలంలో హజ్ యాత్రికులతో, కలంకారీ బట్టలతో ఎర్ర సముద్రం వైపు ఓడలు సాగిన రేవు అది. నక్షత్రాల ఆనవాలు పట్టి దారి చూసుకున్న నావికులు ఎందరో అక్కడి నుంచి బయలుదేరారు. అలాంటి ఊరు దెబ్బతిని ఉన్న రోజుల్లో పాగ్సన్ తన పరికరాలతో అక్కడికి చేరారు.

ఆయన తెచ్చిన వాటిలో ముఖ్యమైనది స్పెక్ట్రోస్కోపు, అంటే వెలుగును విడదీసే పరికరం. వాన వెలిసిన తర్వాత ఇంద్రధనుస్సులో ఎండ ఏడు రంగులుగా విడిపోవడం మనం చూసిందే. ఈ పరికరం కూడా అదే పని చేస్తుంది, కాకపోతే చాలా నిశితంగా చేస్తుంది. ఒక్కొక్క మూలకం మండినప్పుడు ఆ రంగుల పట్టీ మీద తనకే ప్రత్యేకమైన గీతలు గీస్తుంది. అవి వేలిముద్రల వంటివి. ఉప్పు చిటికెడు పొయ్యిలో వేస్తే మంట పసుపుగా మారుతుంది కదా, అది సోడియం గీత.

సూర్యుడు మరుగైన ఆ అయిదు నిమిషాల్లో అంచున ఎగసిన జ్వాలల వెలుగును పాగ్సన్ విడదీసి చూశారు. పసుపు రంగులో ఒక గీత మెరిసింది. సోడియం గీతకు బాగా దగ్గరగా ఉంది, కాని సరిగ్గా దాని మీద లేదు. చూసింది చూసినట్టు తన నివేదికలో రాశారు. ఆ నివేదిక ఎక్కువమంది చేతికి చేరలేదు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతను పట్టుకుని, భూమి మీద ఎవరూ ఎరుగని మూలకం సూర్యునిలో ఉందన్నారు. దానికి సూర్యుని పేరుతో హీలియం అని పేరు పెట్టారు. చాలామంది నమ్మలేదు. చివరకు 1895లో రామ్సే భూమి మీదే ఒక ఖనిజంలో హీలియంను కనుగొన్న తర్వాత గాని వివాదం తీరలేదు. అంటే సాక్ష్యం నిలబడడానికి 27 ఏళ్లు పట్టింది. పాగ్సన్ 1891లోనే కన్నుమూశారు.

ఈ పాగ్సన్‌కే మరో ఘనత ఉంది. నక్షత్రాల కాంతిని ఒకటో తరగతి, రెండో తరగతి అని ఆరు తరగతులుగా విభజించడం గ్రీకుల నాటి నుంచి ఉన్నదే. పదో శతాబ్దంలో అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ ఆ పాత పట్టికను గుడ్డిగా ఎక్కించుకోకుండా, ఒక్కొక్క నక్షత్రాన్ని స్వయంగా చూసి తరగతులు సరిదిద్దారు. అయితే అదంతా కంటి అంచనా. 1856లో పాగ్సన్ దానికి ఒక లెక్క పెట్టారు. ఒకటో తరగతి నక్షత్రం ఆరో తరగతి దానికంటే సరిగ్గా నూరు రెట్లు కాంతివంతమని నిర్ణయించారు. నేటికీ ప్రపంచమంతటా ఆ కొలమానమే వాడుతున్నారు.

వెలుగును విడదీయడం, వెలుగును కొలవడం. విశ్వం గురించి మనకు ఈనాడు తెలిసినదాంట్లో అధికభాగం ఈ రెండు పనుల నుంచే వచ్చింది.

సాగుతున్న గీతలు

అల్ సూఫీ 964లో రాసిన నక్షత్రాల గ్రంథంలో ఒక "చిన్న మబ్బు" ప్రస్తావన ఉంది. మనకు దొరుకుతున్న రాతల్లో ఆండ్రోమెడా గెలాక్సీ గురించిన తొలి మాట అదే. అది మన పాలపుంత వంటి మరో మహా నక్షత్ర సమూహమనీ, దాని వెలుగు మన దాకా రావడానికి 25 లక్షల ఏళ్లు పడుతుందనీ ఆయనకు తెలిసే వీలు లేదు. అయినా కంటికి కనిపించినదాన్ని వదలకుండా రాశారు.

1912లో అమెరికాలో స్లైఫర్ ఆ చిన్న మబ్బు వెలుగునే విడదీశారు. గీతలు ఉండవలసిన చోట లేవు. నీలం వైపు జరిగి ఉన్నాయి. అంటే ఆ గెలాక్సీ సెకనుకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో మనవైపు వస్తోంది. ఆ తర్వాత ఆయన చూసిన గెలాక్సీలలో అధికభాగం గీతలు ఎరుపు వైపు జరిగి కనిపించాయి. అవి దూరమవుతున్నాయి. 1929లో హబుల్ దూరాలను కూడా జోడించి, ఎంత దూరాన ఉన్నది అంత వేగంగా దూరమవుతోందని చూపించారు. ఒక రబ్బరు పట్టీ మీద పెన్నుతో చుక్కలు పెట్టి సాగదీయండి. చుక్కలు నడవవు, పట్టీయే సాగుతుంది. విశ్వం కూడా అలా సాగుతోంది, అందులో ప్రయాణించే వెలుగు కూడా సాగి ఎర్రబడుతోంది.

పైకి విసిరిన రాయి వేగం తగ్గినట్టు, గెలాక్సీల పరస్పర ఆకర్షణ వల్ల ఈ సాగుడు కూడా నెమ్మదించాలని అందరూ భావించారు. ఎంత నెమ్మదించిందో కొలవాలని రెండు బృందాలు బయలుదేరాయి. ఒక రకం నక్షత్రాలు పేలినప్పుడు దాదాపు ఒకే కాంతినిస్తాయి. రాత్రి వేటకు వెళ్లిన పడవలన్నింటి మీద ఒకే రకం లాంతరు ఉంటే, ఏది మసకగా ఉందో అది దూరాన ఉన్నట్టు తీరం మీది నుంచే చెప్పవచ్చు. అదే పద్ధతి. 1998లో రెండు బృందాలకూ ఒకే విచిత్రం ఎదురైంది. దూరపు లాంతర్లు అనుకున్నదానికంటే దాదాపు పావు వంతు మసకగా ఉన్నాయి. సాగుడు నెమ్మదించడం లేదు సరికదా, వేగం పుంజుకుంటోంది. పెర్ల్‌మటర్, ష్మిట్, రీస్ అనే ముగ్గురికి 2011లో దీనికే నోబెల్ బహుమతి వచ్చింది.

దేనివల్ల వేగం పుంజుకుంటోంది? తెలియదు. తెలియనిదానికి చీకటి శక్తి అని పేరు పెట్టారు. విశ్వంలోని సమస్తంలో అది సుమారు 70 శాతమని లెక్క. నక్షత్రాలు, గ్రహాలు, నేల, నీరు, మీరు, మేము అంతా కలిసి అయిదు శాతం. మిగిలినది చీకటి పదార్థం, దాని సంగతీ అంతంత మాత్రమే తెలుసు. ఇంతటి అజ్ఞానాన్ని శాతాలతో సహా ఒప్పుకోవడం మాకు ఈ శాస్త్రంలో బాగా నచ్చిన విషయం.

1917లోనే ఐన్‌స్టీన్ తన సమీకరణంలో ఒక స్థిరసంఖ్యను పెట్టి, విశ్వం సాగుతోందని తేలాక దాన్ని తీసివేశారు. 1998 తర్వాత ఆ సంఖ్య తిరిగి వచ్చింది. శూన్యానికే ఒక శక్తి ఉందని, అది ఎన్నటికీ మారదని దాని అర్థం. అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. అది నిజంగా మారదా?

జనాభా లెక్కలు

ఇది తేల్చాలంటే కొన్ని లాంతర్లు చాలవు. గెలాక్సీల జనాభా లెక్కలే తీయాలి. ఇలాంటి లెక్కల్లో మన తెలుగు నేలకు పాత అనుబంధం ఉంది. హైదరాబాదుకు చెందిన నవాబ్ జఫర్ జంగ్ 1901లో తన సొంత డబ్బుతో ఇంగ్లండు నుంచి దూరదర్శిని తెప్పించి ఫిసల్ బండలో వేధశాల నెలకొల్పారు. తన తదనంతరం ప్రభుత్వమే నడపాలని ఆయన కోరిక. ఆయన మరణించాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని స్వీకరించింది. అదే నిజామియా వేధశాల. ఆకాశమంతటినీ ఫొటోలు తీసి పటం గీయాలని 1887లో పారిస్‌లో అనేక దేశాలు కలిసి తలపెట్టిన మహా కార్యంలో, ఆకాశ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది. గాజు పలకల మీద ఒక్కొక్క చుక్కనూ కొలిచి లక్షలాది నక్షత్రాల స్థానాలను సంపుటాలుగా అచ్చు వేశారు. భాస్కరన్, ఆయన తర్వాత అక్బర్ అలీ దీనికి సారథ్యం వహించారు. రంగాపూర్‌లో 1968లో నెలకొన్న 48 అంగుళాల దూరదర్శినికి బీజం వేసింది కూడా అక్బర్ అలీయే. ఒక నవాబు తన డబ్బును తానెన్నడూ చూడబోని పటం కోసం ఖర్చు చేశాడన్న సంగతి మన పిల్లలకు తెలియాలని మా కోరిక.

హైదరాబాదువారు కొలిచింది నక్షత్రాల స్థానాలు. ఆకాశంలో ఏది ఎక్కడుందో వాటితో తెలుస్తుంది గాని ఎంత దూరాన ఉందో తెలియదు. గెలాక్సీల దూరం తెలియాలంటే ఒక్కొక్కదాని వెలుగునూ విడదీసి గీతలు ఎంత జరిగాయో చూడాలి. బందరులో పాగ్సన్ ఒక్క సూర్యునికి చేసిన పనిని లక్షల గెలాక్సీలకు చేయాలన్నమాట. 2000 నుంచి అమెరికాలోని న్యూ మెక్సికోలో స్లోన్ సర్వే ఈ పని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. అల్యూమినియం పలకకు 640 రంధ్రాలు పొడిచి, ఒక్కొక్క గెలాక్సీ వెలుగు పడే చోట ఒక్కొక్క గాజు తీగను మనుషులు చేతితో గుచ్చేవారు. చీరకు జరీ కుట్టినంత ఓపిక కావాలి. ఆ సర్వే సమాచారాన్ని జల్లెడ పట్టి, 2017లో మన పుణె శాస్త్రజ్ఞులు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక మహా గెలాక్సీల సమూహాన్ని గుర్తించి సరస్వతి అని పేరు పెట్టారు.

ఇప్పుడు ఆ చేతి పని లేదు. ఆరిజోనాలోని కిట్ పీక్ కొండ మీద నాలుగు మీటర్ల మేయాల్ దూరదర్శినికి డెసీ అనే పరికరం అమర్చారు. అందులో 5,000 గాజు తీగలు, ఒక్కొక్క దానికి ఒక్కొక్క చిన్న మరమనిషి. ఒకచోట వెలుగు పట్టాక 5,000 మరమనుషులూ తమ తీగలను తర్వాతి గెలాక్సీల వైపు జరుపుకుంటాయి. 2021 మేలో పని మొదలైంది. మూడేళ్ల సమాచారంతోనే ఒక కోటీ 40 లక్షలకు పైగా గెలాక్సీలు, క్వాసార్ల దూరాలు తేలాయి.

ఇన్ని దూరాలతో ఏం చేస్తారు? గుడివాడ దారిలో బస్సులో వెళ్తుంటే చేపల చెరువులు కనిపిస్తాయి కదా. ఒక చెరువులో ఒక్కసారే గుప్పెళ్లకొద్దీ గులకరాళ్లు విసిరారనుకోండి. ప్రతి రాయి చుట్టూ వలయం లేస్తుంది, వలయాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆ క్షణంలో నీళ్లు గడ్డకట్టిపోతే? పైకి చూస్తే అంతా గజిబిజి. కాని ఓపిగ్గా మిట్టకు మిట్టకు మధ్య దూరాలన్నీ కొలిస్తే ఒక దూరం మాత్రం మిగతావాటికంటే ఎక్కువసార్లు వస్తుంది. అది వలయం వ్యాసార్థం.

విశ్వం పుట్టిన తొలి రోజుల్లో అంతటా కాగుతున్న వాయువులో ఇలాంటి అలలు లేచాయి. అవి నిజానికి ధ్వని తరంగాలు. సుమారు 3 లక్షల 80 వేల ఏళ్లకు విశ్వం చల్లబడి అవి ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ వలయాల అంచుల మీద కాస్త ఎక్కువ గెలాక్సీలు పుట్టాయి. విశ్వం సాగుతూ వచ్చినకొద్దీ వలయాలూ సాగాయి. ఇప్పుడు వాటి వ్యాసార్థం దాదాపు 49 కోట్ల కాంతి సంవత్సరాలు. 2005లో స్లోన్ సర్వే దాదాపు 47 వేల గెలాక్సీలతో ఈ జాడను మొదటిసారి స్పష్టంగా చూపింది. అంటే శాస్త్రజ్ఞుల చేతికి ఒక గజంబద్ద దొరికింది. వేర్వేరు కాలాల్లో ఆ గజంబద్ద ఎంత పొడుగ్గా కనిపిస్తుందో చూస్తే విశ్వం ఏ కాలంలో ఎంత వేగంగా సాగిందో తెలిసిపోతుంది. డెసీ గడచిన 1,100 కోట్ల ఏళ్ల చరిత్రను ఇలా కొలుస్తోంది.

ఇద్దరు సాక్షులు

ఇక ఫలితం దగ్గరకు వద్దాము. డెసీ గజంబద్దను ఒంటరిగా తీసుకుంటే ఐన్‌స్టీన్ స్థిరసంఖ్యతో పేచీ లేదు. ఆదిలో వెలువడిన కాంతి కొలతలనూ, పేలిన నక్షత్రాల లాంతర్లనూ కలిపి చూస్తేనే పొంతన తప్పుతోంది. చీకటి శక్తి ఒకప్పటికంటే ఇప్పుడు తగ్గిందన్నట్టు లెక్క తేలుతోంది. ఎంత గట్టిగా తేలుతోందనేది ఏ లాంతర్ల పట్టిక వాడారన్నదాని మీద ఆధారపడింది. ఒక పట్టికతో 2.8 సిగ్మా, మరొక దానితో 3.8, ఇంకొక దానితో 4.2. సిగ్మా అంటే భయపడనవసరం లేదు, అది సాక్ష్యం బలానికి ఒక కొలత. మూడు సిగ్మాలంటే యాదృచ్ఛికంగా అలా కనిపించే అవకాశం వెయ్యిలో మూడు. అయిదు దాటితే తప్ప కనుగొన్నామని ఈ రంగంలో ఎవరూ అనరు. అదీ యాదృచ్ఛికానికి లక్షల్లో ఒక్క అవకాశం కూడా మిగలనప్పుడన్నమాట.

ఇంకొక జాగ్రత్త కూడా తీసుకున్నారు. గణించే పద్ధతి పూర్తిగా ఖరారయ్యే దాకా అసలు జవాబు తమకే కనిపించకుండా సమాచారాన్ని మరుగుపరచి పనిచేశారు. మనసులో కోరుకున్నది లెక్కలోకి జారకుండా ఉండేందుకు ఇది. ఈద్ చాంద్ కోసం చూసే కళ్లకు మబ్బు అంచు కూడా నెలవంకలా కనిపిస్తుందని మనకు అనుభవమే.

తర్వాత జరిగింది మరీ గమనించదగినది. 4.2 సిగ్మా ఇచ్చిన లాంతర్ల పట్టికను దాని తయారీదారులే 2025 చివర్లో మళ్లీ తీశారు. కాంతి కొలతల్లో, అంటే పాగ్సన్ కొలమానం మీద జరిపే ఆ పనిలోనే, చిన్న చిన్న సవరణలు చేశారు. 4.2 కాస్తా 3.2కు దిగింది. సూచన పోలేదు, బలం తగ్గింది. తమ సాక్ష్యాన్ని తామే తగ్గించి ప్రకటించారు.

విశ్వం సాగుతోందన్న మాట రాగానే, అది మన గ్రంథంలో ముందే ఉందని ఊరూరా ఉపన్యాసాలు విన్నాము, పుస్తకాలు చదివాము. ఆ ఉత్సాహాన్ని మేము తప్పుపట్టము. కాని నిన్న 4.2 అయినది ఇవాళ 3.2 అయింది, రేపు అయిదు కావచ్చు, రెండూ కావచ్చు. ఇలా కదిలే అంకెలకు మన విశ్వాసాన్ని ముడివేస్తే ముడి వేసినవారికే చిక్కు. అలాగే అంకె మారిందని శాస్త్రాన్ని ఎగతాళి చేయడమూ మాకు సమ్మతం కాదు. తన పసికందు కన్నుమూసిన రోజునే సూర్యగ్రహణం పట్టినప్పుడు, ఆ రెంటినీ కలిపి మాట్లాడిన జనాన్ని ప్రవక్త (స) వారించిన సంగతి మనకు తెలిసిందే.

ఫలితం ఎటు తేలినా చిన్న విషయం కాదు. చీకటి శక్తి మారనిదైతే విశ్వం అంతకంతకూ వేగంగా సాగిపోతుంది. దూరపు గెలాక్సీలు ఒక్కొక్కటీ చూపుకు అందనంత దూరం పోతాయి. అప్పుడు పుట్టిన మనిషి ఎవరైనా ఉంటే అతని ఆకాశంలో ఇన్ని గెలాక్సీలున్నాయన్న ఆనవాలే ఉండదు. అది బలహీనపడుతున్నదైతే ముగింపు మరో రకంగా ఉండవచ్చు, భౌతికశాస్త్రంలో ఒక పునాది రాయిని కదల్చవలసి రావచ్చు. మొత్తం మీద అయిదు కోట్ల దాకా కొలవాలన్నది డెసీవారి ఉద్దేశం. 2023 జూలైలో అంతరిక్షంలోకి వెళ్లిన యూరప్ వారి యూక్లిడ్, 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసిన చిలీలోని రూబిన్ వేధశాల మరో ఇద్దరు సాక్షులు. వాటి కళ్లు వేరు, పద్ధతులు వేరు.

మా వాడి ప్రశ్నకు ఇప్పుడైతే ఇలా చెబుతాము. ఆ దాదా చూసింది నిజమైతే మరుసటి సాయంత్రం నెలవంక ఎత్తుగా, లావుగా కనిపిస్తుంది, అప్పుడు అందరికీ తెలుస్తుంది. పాగ్సన్ చూసిన పసుపు గీత కూడా అలాగే తెలిసింది, కాకపోతే కాస్త ఆలస్యంగా.

మీరు ఎప్పుడైనా నవంబరు చివర్లో, అమావాస్య దగ్గరలో మంగినపూడి వెళ్తే ఇషా తర్వాత కాసేపు ఆగండి. టార్చిలు, సెల్‌ఫోన్లు ఆపివేసి, కళ్లు చీకటికి అలవాటు పడనివ్వండి. తుఫాను కాలం గనుక ముందు వాతావరణం కబురు చూసుకోండి. ఉత్తరం వైపు తిరిగి తల బాగా పైకెత్తితే, నడినెత్తికి కాస్త దిగువగా వేలితో తుడిచినట్టు ఒక మసక మరక కనిపిస్తుంది. సూటిగా చూస్తే మాయమవుతుంది, కాస్త పక్కకు చూస్తే తెలుస్తుంది. అల్ సూఫీ రాసిన చిన్న మబ్బు అదే. మీకు కనబడితే పక్కనున్నవారికి కూడా చూపించండి.